ఆయుధము నప్పగించినవాని హక్కు

రేపేమగునో యను భయము మనుష్యునితోనే పుట్టినది. ఆ భయమునకు లోకమున మూడు ఉపాయములు కనబడుచున్నవి. మొదటిది, గింజను నీటిని దాచుకొనుట. రెండవది, ఇంట నొక ఆయుధము నుంచుకొనుట. మూడవది, రక్షింపుమని యొక ప్రభుత్వమునకు పన్ను కట్టుట. ఈ మూడింటిలో దేనికెంత చోటీయవలెననునది పాత ప్రశ్నయే. అయినను మా యింట అది యిటీవల క్రొత్తగా లేచినది.

మా మేనల్లుడొకడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. 2021 ఫిబ్రవరిలో అచ్చట మంచు తుఫాను వచ్చి, విద్యుత్తు పలుదినములు నిలిచిపోయి, లక్షలాది యిండ్లు చలిలో చీకటిలో మగ్గినవి. అంత సంపన్న దేశమున త్రాగు నీటికి సైతము కటకటపడవలసి వచ్చెను. నాటినుండి వాడు ఆరునెలల గ్రాసమును, కరెంటు పుట్టించు యంత్రమును, ఒక తుపాకిని ఇంట చేర్చుకొన్నాడు. ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణము వానికి ఆ హక్కు నిచ్చుచున్నది. నిరుడు విళాత్తికుళము వచ్చినపుడు వాడు మమ్ము చూచి, "ఇక్కడ మీకేమున్నది మామా? తుపాకి లేదు, గాదె లేదు. ఆపద వస్తే తాలూకా కచేరిలో అర్జీ పెట్టుకొని కూర్చుంటారా?" అని నవ్వెను. వాడు పరిహాసమునకే యనెను. కాని ముప్పదియేండ్లు అట్టి అర్జీలకే అంకెలు వేసి దస్త్రములు కట్టిన మాకు ఆ మాట ములుకువలె నాటినది. అపుడు తగిన సమాధానము తోచలేదు. తరువాత తోచినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

సమాధానమును వెదకుటకు దూరము పోనక్కఱలేదు. మన యూరికి నైరృతి దిక్కున, ఒట్టపిడారము చెంత, పాంచాలంకురిచ్చి కలదు. పడమట ఎట్టయపురము. రెండును తెలుగు పాలెగాండ్ర సీమలే. 1799లో ఒకరు కుంపిణీవారితో పోరిరి. రెండవవారు కుంపిణీవారి పక్షమున నిలిచిరి. ఆ యేడు అక్టోబరు 16వ తేదీన కట్టబొమ్మ నాయకుని కయత్తారులో ఉరితీసిరి. తక్కిన పాలెగాండ్రను అచ్చటికి రప్పించి, వారి కన్నులయెదుటనే మేజరు బానర్‌మన్ ఆ పని చేయించెను. వెంటనే కోటలు పడగొట్టుడనియు, ఆయుధములు తెచ్చి యిండనియు ఆజ్ఞ పుట్టెను. 1801 ఫిబ్రవరిలో కట్టబొమ్మ తమ్ముడు ఊమైదొర పాళయంకోట చెరనుండి తప్పించుకొని వచ్చెను. నేలమట్టమైన మట్టికోట కొలది దినములలోనే మరల లేచినది. మార్చి నెలలో దానిపైకి వచ్చిన సేన ఓడి వెనుదిరిగెను. మే 24వ తేదీన కోట పడెను. నవంబరులో ఊమైదొరను ఉరితీసిరి. 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారక కోటను మనలో చూడనివారు లేరు.

ఈ వీరగాథను మన బిడ్డలకు చెప్పుచునే యున్నాము. దాని వెనుకనే వచ్చిన యొక కాగితమును మాత్రము మఱచితిమి. 1801 డిసెంబరు 1వ తేదీన చెన్నపట్టణపు గవర్నరు, రాబర్టు క్లైవు కుమారుడు ఎడ్వర్డు క్లైవు, దక్షిణసీమల ప్రజలకొక ప్రకటన వెలువరించెను. అది తీసివేసినదేమో తెలియుటకు, అంతకుముందేమి యుండెనో తెలియవలెను.

ఆ కాలమున ఊరికి కావలి యుండెను. ఊరి కావలిని స్థలకావలి యనియు, పాలెగాడు అనేక గ్రామములపై నెఱపు కావలిని దేశకావలి యనియు అనెడివారు. రైతు పంటలో కొంతయో, రొక్కములో కొంతయో కావలి కూలిగా నిచ్చుచుండెను. ఇందులో నొక నియమము కలదు. ఊర దొంగతనము జరిగినచో కావలివాడు పోయిన సొమ్మును పట్టి తేవలెను. తేలేనిచో దాని వెలను తన యింటనుండి చెల్లింపవలెను. రాజనీతి గ్రంథములు చదివినవారము కాముగాని, ప్రభుత్వపు హద్దును గూర్చి యింతకంటె సూటియైన మాట మాకు తెలియదు. రక్షింతునని కూలి తీసికొన్నవాడు నష్టమునకు పూచీపడవలెను. పూచీపడలేనివానికి కూలి యడుగు హక్కు లేదు.

అయితే మనవారి గొప్పను చెప్పుకొని తప్పును దాచుట న్యాయము కాదు. కాలక్రమమున కొందఱు పాలెగాండ్రు కోరని గ్రామములపై గూడ కావలి కూలి విధించిరి. ఈయని గ్రామమున దొంగతనము తప్పక జరుగుచుండెను. దొంగ యెవరో కావలివానికి ముందుగానే తెలియును. కంచెయే చేను మేసినది. ఆయుధము కావలివాని చేతనే యున్నది. వానినడుగు నాథుడు లేడు. తుపాకి యున్నవాడు సాధువగుననియు, ప్రభుత్వము తగ్గినకొలది ప్రజ సుఖపడుననియు అనువారు ఈ యధ్యాయమును చదువవలెను.

క్లైవు ప్రకటన ఈ యేర్పాటు నంతటిని తుడిచివేసెను. ఆయుధములు అప్పగింపవలెను, ధరించినవానికి మరణదండన. అందుకు మాఱుగా కుంపిణీవారు తామే ప్రజలను రక్షింతుమనియు, శాశ్వతమైన శిస్తు నిర్ణయింతుమనియు చెప్పిరి. అది యొక బేరము. ఒక తట్టలో జనుల కత్తులు, ఈటెలు, తుపాకులు. రెండవ తట్టలో ఒక వాగ్దానము. ఆయుధము నిచ్చినవాడు ఋణదాత యయ్యెను. తీసికొన్నవాడు ఋణగ్రస్తుడయ్యెను.

ఆ ఋణము తీరెనా? 1876లో ధాత కరవు వచ్చినది. 1878 వఱకు చెన్నరాజధానిలో లక్షలకొలది జనులు మడిసిరి. ధాన్యము రేవులనుండి ఓడలెక్కి పోవుచునే యుండెను. కరవు పనులకు పోయిన కూలివానికి దినమునకు ఒక పౌను గింజలు చాలునని సర్ రిచర్డు టెంపుల్ లెక్క కట్టెను. అనగా అరకిలోకు తక్కువ. ఆ కరవు కాలముననే, 1878లో, రాజప్రతినిధి లిట్టను ప్రభువు ఆయుధముల చట్టమును తెచ్చెను. భారతీయునకు లైసెన్సు కావలెను, ఐరోపా వానికక్కఱలేదు. బాకీ తీర్చనివాడు తాకట్టును మఱింత బిగించెను.

ఆ యవమానము మన పెద్దలకు తగిలినది. 1931 మార్చిలో సర్దారు పటేలు అధ్యక్షతను కరాచీలో జరిగిన కాంగ్రెసు మహాసభ, నియమములకు లోబడి ఆయుధము నుంచుకొనుటను పౌరుని మూల హక్కులలో చేర్చెను. కాని 1948 డిసెంబరు తొలి దినములలో హెచ్.వి. కామత్ రాజ్యాంగ సభలో ఆ హక్కునే కోరగా, అంబేద్కరు అంగీకరింపలేదు, సభయు త్రోసిపుచ్చెను. అందఱకును విచక్షణ లేక ఆయుధ మిచ్చుట తగదని ఆయన వాదము. నేటి మన రాజ్యాంగము 19వ అధికరణమున గుమిగూడు హక్కు నిచ్చుచు, శాంతముగాను నిరాయుధముగాను అని చేర్చినది. 1959లో క్రొత్త ఆయుధముల చట్టము వచ్చెను. శివాజీ గణేశన్ కట్టబొమ్మగా వెండితెరపై కత్తి త్రిప్పినదియు ఆ యేడే.

అంబేద్కరు చెప్పినది సరియేనా? మా తాతగారి యింట జరిగినదొకటి చెప్పవలసియున్నది. ఆయనకు మందు కూరి కాల్చు తుపాకి యొకటి యుండెను. అడవిపందులనుండి పంటను కాపాడుకొనుటకు లైసెన్సు పొందినది. గోడకు రెండు మేకులు కొట్టి దానిని వ్రేలాడదీసిరి. ఊర దానివలన ఆయనకు గౌరవము. ఒక కార్తికమున చేని గట్టు తగవులో మా పినతండ్రి మాట పట్టింపుతో లోనికి వచ్చి, ఆ తుపాకిని దించి, సొంత అన్నపై గుఱిపెట్టెను. మందు వానకు చెమ్మగిల్లి యుండుటచేత అది పేలలేదు. అంతకుమించి మా వంశమును కాపాడినది వేఱొకటి లేదు. మఱునాడు తాతగారే దానిని భుజమున వేసికొని నడచి పోయి పోలీసు ఠాణాలో అప్పగించి వచ్చిరి. దొంగ యొక్కనాడును రాలేదు. తగవు వారమున కొకటి వచ్చుచుండెను. ఇంట తుపాకి యున్నపుడు అది ఎవని కొఱకు తెచ్చితిమో వానికొఱకు వేచియుండదు. ముందుగా కోపము వచ్చినవాని చేతికి పోవును. కొడగులో కొడవలకు లైసెన్సు అక్కఱలేని వెసులుబాటు నేటికిని కలదు. అచ్చట తుపాకిని తరతరముల యాచారము కట్టివేసినది. అట్టి కట్టు లేని మనకు అది తగదనియే మా యభిప్రాయము.

కాని ఇంతటితో ఆగినవాడు సగము సత్యమునే చెప్పినవాడగును. మన చేతిలో ఆయుధము లేదన్న, అది లోకమున లేదని కాదు. ప్రభుత్వము చేతిలో నున్నదని యర్థము. 2018 మే 22వ తేదీనాడును మఱునాడును, మన జిల్లా ముఖ్యపట్టణమైన తూత్తుకుడిలో, రాగి కర్మాగారమునకు ఎదురుగా జరిగిన యాందోళనలో పోలీసు కాల్పులకు 13 మంది మరణించిరి. న్యాయమూర్తి అరుణా జగదీశన్ విచారణ నివేదిక 2022లో శాసనసభ ముందునకు వచ్చినది. కాల్పులకు తగిన కారణము లేదనియు, పోలీసులు హద్దు మీఱిరనియు అది తేల్చెను. నిరాయుధుడవై రమ్మని పిలిచినవాడే నిరాయుధునిపై కాల్చినచో, ఆ 1801 నాటి బేరమున మిగిలినదేమి?

అందువలన ప్రభుత్వమునకు హద్దు కావలెనని మేమును అందుము. అయితే హద్దనగా ప్రభుత్వము చిన్నదై మూల కూర్చుండుట కాదు. పాత కావలి నియమమే ఆ హద్దు. 1993లో సుప్రీముకోర్టు దానిని మరల పలికినట్లు మాకు తోచినది. ఒరిస్సాలో పోలీసు నిర్బంధమున కుమారుని పోగొట్టుకొన్న తల్లి యొక లేఖ వ్రాయగా, న్యాయస్థానము దానినే అర్జీగా గ్రహించి, ప్రభుత్వము ఆమెకు 1,50,000 రూపాయలు చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. ప్రాణమునకు వెల లేదు. అయినను కావలివాడు తన యింటనుండి చెల్లింపవలెననునది నిలిచినది. ఆ తల్లి చేతనున్నది తుపాకి కాదు, ఒక కాగితము. అర్జీని చూచి నవ్విన మా మేనల్లునికి ఈ సంగతి తెలియవలెను.

ఇక మిగిలినది మొదటి యుపాయము, దాచుకొనుట. ఇందు వాని మాట నూటికి నూఱుపాళ్ళు నిజమనియే ఒప్పుకొందుము. నల్లరేగడిలో వాననే నమ్మి బ్రదికిన మన పెద్దలు ఇంట మట్టి గాదెలు కట్టి సజ్జలు, జొన్నలు నింపెడివారు. తమిళులు వానిని కులుక్కై యందురు. ఊరికి త్రాగు నీటి ఊరణి వేఱు, పశువులకు చెఱువు వేఱు. నేడు గాదెలు పోయినవి, ఊరణులు పూడినవి, నెలకొకసారి రేషను బియ్యమును, వీధిచివర కొట్టును నమ్మి యున్నాము. గాదెను పోగొట్టుకొమ్మని ఏ గవర్నరును ప్రకటన చేయలేదు. దానిని మనమే విడిచితిమి.

2023 డిసెంబరు 17, 18 తేదీలలో కాయల్‌పట్టణమున ఒక్క దినముననే సుమారు 95 సెంటీమీటర్ల వాన కురిసెను. మన జిల్లాకు ఏడాది పొడుగున సాధారణముగా వచ్చు వానకంటె నిది యెక్కువ. తిరుచెందూరునుండి చెన్నపట్టణమునకు బయలుదేరిన రైలు సుమారు 800 మందితో శ్రీవైకుంఠము స్టేషనులో చిక్కుకొనెను. కట్ట కోసుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడెను. హెలికాప్టరులును రక్షణదళములును చేరువఱకు ఆ ప్రయాణికులకు కూడు పెట్టినవారు చెంతనున్న పల్లెవారు. వారి యిండ్లలోను నీరు నిండియుండెను. అయినను ఉన్న బియ్యమును వండి తెచ్చిరి. ప్రభుత్వము వచ్చినది, కాని రెండు దినములకు వచ్చినది. ఆ రెండు దినముల బాధ్యత ఎవరిది? అది మనదే. పెద్ద సిద్ధాంతములన్నియు ఆ రెండు దినముల లెక్కకే వచ్చి నిలుచుచున్నవి. ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట తగదు. నెలకు సరిపడు గింజలు, పదిదినముల మందులు, ఒక కిరసనాయిలు దీపము, మూతపెట్టిన మంచినీటి తొట్టి ఏ బీదయింటనైన నుండవచ్చును. ఏడాదికొకనాడు ఊరు కలిసి ఊరణిలో పూడిక తీయవచ్చును. దీనికి లైసెన్సు అక్కఱలేదు.

మనము ఈ సీమలో కొలదిమందిమి. కొలదిమందికి భయమెక్కువ యనియు, భయమున్నవానికి ఆయుధము కావలెననియు కొందఱు యువకులు చెప్పగా వింటిమి. వారిని మేమొకటి యడుగుదుము. వందలయేండ్లుగా ఇచ్చట మనలను నిలిపినది ఏది? కోవిల్పట్టి చెంత ఇడైచెవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్, మనవారి వలసగాథను 'గోపల్ల గ్రామము'గా తమిళమున వ్రాసెను. 2021లో ఆయన మరణింపగా తమిళనాడు ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. పొరుగువాడు మనలను తనవాడనుకొనుటకు మించిన కోట మట్టితోగాని రాతితోగాని కట్టబడలేదు.

మా మేనల్లునికి ఇదియే సమాధానము. నీ గ్రాసమును ఉంచుకొనుము నాయనా. మేమును గాదె కట్టుచున్నాము. నీ తుపాకిని గూర్చి నీ దేశపు చట్టము నీకు తోడు. కాని నీ గోడకవతలనున్న యింటివారి పేరు నీకు తెలియునా? ప్రభుత్వమును మేము నమ్మి కూర్చుండలేదు. దానికి ఆయుధము నిచ్చి, బాకీ వ్రాసికొని, ఆ బాకీని అర్జీలతోను ఓట్లతోను అడుగుచున్నాము. అడుగుట మానిననాడు మాత్రమే మేము నిజముగా నిరాయుధులము.

తాతగారి గోడకు ఆ రెండు మేకులు నేటికిని ఉన్నవి. ఇప్పుడు వానికి వంటయింటి దీపమును, తడిలేని అగ్గిపెట్టెలు నింపిన సంచిని తగిలించుచున్నాము.