తెలుసుకోవడం ఎవరికోసం?

జ్ఞానం దానంతట అదే మంచిదా అన్నది తత్త్వశాస్త్రంలో పాత ప్రశ్నే. కాని పురిటి మంచం దగ్గర ఈ ప్రశ్నకు గడువుంటుంది. హెచ్.ఐ.వి. సోకిన శిశువులకు చికిత్స అందకపోతే సుమారు మూడోవంతు మంది మొదటి పుట్టినరోజు చూడరు. సగంమంది రెండేళ్ళు నిండకుండానే పోతారు. మరణాలు ఎక్కువగా ముసురుకునేది మొదటి రెండు మూడు నెలల్లోనే. కనుక ఎప్పుడు తెలిసింది, ఎవరికి తెలిసింది అనేవి ఇక్కడ చిన్న విషయాలు కావు.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రాన్ని చూద్దాం. ఇతర పరీక్షలకోసం నవజాత శిశువుల మడమనుంచి తీసిన నెత్తురులో మిగిలినదాన్ని, పేర్లు తొలగించి, హెచ్.ఐ.వి.కి పరీక్షించడం అక్కడ 1987లో మొదలైంది. ఎంతమందో ప్రభుత్వానికి తెలిసింది. ఏ బిడ్డో ఎవరికీ తెలియదు. తల్లికి అసలే తెలియదు. తొలిరోజుల్లో దీనికొక సమర్థన ఉండేది. బిడ్డకు ఇవ్వడానికి చెప్పుకోదగ్గ మందు లేదు. పేరు బయటపడితే మాత్రం తల్లి కొలువూ కొంపా పోవచ్చు. కాని గర్భవతికీ, పుట్టిన బిడ్డకూ ఏ.జెడ్.టి. మందు ఇస్తే సంక్రమణ మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లో రుజువైంది. దానితో ఆ మౌనానికి అర్థమే మారిపోయింది. మర్నాటి ఏడు, 1995లో, కేంద్ర ప్రభుత్వం ఆ సర్వేను నిలిపివేసింది. నవజాత శిశువులందరికీ పరీక్ష చేసి ఫలితం తల్లికి చెప్పి తీరాలని న్యూయార్కు 1996లో శాసనం చేసింది.

ఇది విజయమే అనిపిస్తుంది. అయితే ఆ పరీక్ష ఎవరిని పరీక్షించింది? శిశువు నెత్తురులో కనిపించే ప్రతిరక్షకాలు తల్లినుంచి వచ్చినవి. పద్ధెనిమిది నెలల దాకా అవి నిలిచి ఉండవచ్చు. నివారణ మందు లేనప్పుడు అటువంటి బిడ్డల్లో నిజంగా వైరస్ సోకింది ఇంచుమించు నాలుగోవంతుకే. అంటే బిడ్డ మడమలో సూది గుచ్చి చదివింది తల్లి రహస్యాన్ని. ఆ తల్లుల్లో అత్యధికులు నల్లజాతి, లాటిన్ అమెరికన్ సంతతికి చెందిన పేద స్త్రీలు. గర్భవతిగా ఉన్నప్పుడే ఆమెకు నమ్మకం కలిగించి, పరీక్షా మందూ అందించడంకన్నా, కాన్పయ్యాక నిర్బంధించడం ప్రభుత్వాలకు చవక.

తల్లి గోప్యత బిడ్డ ప్రాణంకంటె గొప్పదని నేననను. కాని ఆ రెండింటినీ త్రాసులో ఎదురెదురుగా పెట్టిందెవరు? కర్ణుడికి నిజం యుద్ధం ముంగిట చెప్పిందని కుంతిని మనం తరతరాలుగా నిలదీస్తున్నాం (నా తరగతిలో విద్యార్థులు ఇప్పటికీ నిలదీస్తారు). కన్నతల్లి నోరు విప్పలేని నీతిని పాలించిన సమాజాన్ని నిలదీసినవారు తక్కువ.

ఇప్పుడు సాధనాలు మారాయి. పి.సి.ఆర్. పరీక్ష ప్రతిరక్షకాలను కాదు, వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. ఆరు వారాల బిడ్డలోనే నిజం తేలుతుంది. పన్నెండు వారాలలోపే చికిత్స ప్రారంభిస్తే, లక్షణాలకోసం వేచి ఉండడంతో పోల్చినప్పుడు మరణాలు 76 శాతం తగ్గాయని దక్షిణాఫ్రికా పరిశోధన 2008లో చూపింది. మన దేశంలో 2010 నుంచి ఈ కార్యక్రమం నడుస్తున్నది. కాగితంపై ఆరబెట్టిన నాలుగు నెత్తుటి చుక్కలు ఊరినుంచి ప్రయోగశాలకు ప్రయాణిస్తాయి. సమ్మతి లేనిదే పరీక్షించరాదనీ, వివక్ష చూపరాదనీ 2017 నాటి చట్టం అంటున్నది. న్యూయార్కు శాసనంకన్నా ఇది మెరుగైన దారి అని నా అభిప్రాయం.

అయితే ఆ కాగితం వెళ్ళినంత మాత్రాన సరిపోదు, తిరిగి రావాలి. వచ్చేసరికి బిడ్డకు నాలుగు నెలలు నిండితే, మనం చేసింది న్యూయార్కు తొలి సర్వేకన్నా ఎంత భిన్నం? పైగా తల్లిపాల ద్వారా కూడా వైరస్ సోకవచ్చు గనుక ఆరు వారాలకు లేదని తేలినా కథ ముగియదు. ఆరు నెలలకూ, ఏడాదికీ, ఏడాదిన్నరకూ మళ్ళీ చూడాలి. నాలుగుసార్లు తల్లి బిడ్డను చంకనేసుకుని బస్సెక్కాలి. ఒకసారి రాలేకపోతే "తల్లి నిర్లక్ష్యం" అని రాసుకోవడం సులభం. ఆ నాలుగు రోజుల కూలీ, బస్సు ఛార్జీ ఎవరివి?