పోయొస్త అన్న మాట

దీపావళి దగ్గరికి వచ్చిందంటే మన ఉట్నూర్ ప్రాంతంలో రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. చేలలో పత్తి విచ్చుకుంటుంది. గోండు గూడేలలో దండారి మొదలవుతుంది. నెమలి ఈకల టోపీలు ధరించిన గుస్సాడీలతో ఒక గూడెంవారు మరొక గూడేనికి అతిథులుగా వెళతారు. రాత్రి భోజనం, బస అక్కడే. ఇవాళ ఆతిథ్యమిచ్చినవారు మరొకప్పుడు వారి ఊరికి వెళతారు. ఏరవలసిన పత్తి చేనులోనే ఉంటుంది. వాన పడితే తడుస్తుంది కూడా. అయినా వచ్చినవారి తరువాతనే చేను.

దీనిని సోమరితనం అనేవారున్నారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకొన్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం జ్ఞానస్నానాల రిజిస్టరు రాసుకొంటున్నాను. దూరపు గూడెం నుండి ఒక వృద్ధుడు నడిచి వచ్చాడు. "ఏం పని మీద వచ్చినవు పెద్దయ్యా?" అని అడిగాను. "పని ఏం లేదు ఫాదర్, ఊకెనే చూసి పోదామని వచ్చిన" అన్నాడు. కూర్చోమన్నాను, కాని కలం దింపలేదు. కాసేపటికి "పోయొస్త ఫాదర్" అన్నాడు. తల ఎత్తకుండానే "మంచిది" అన్నాను.

తరువాత నేను ఆయన గూడేనికి వెళ్ళాను. పత్తి ఏరుతున్న మనిషి ఒడిలోని పత్తి కుప్ప మీద పోసి ఇంటికి వచ్చాడు. కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, చాయ్ పెట్టించాడు. బయలుదేరితే రోడ్డు దాకా వెంట నడిచాడు. ఏం పని మీద వచ్చావని మాత్రం నన్ను అడగలేదు.

ఆ అడగకపోవడంలోనే ఒక తత్వశాస్త్రం ఉంది. మనిషిని కేవలం సాధనంగా వాడుకోరాదు, అతడే ఒక లక్ష్యం అని జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాశాడు. సెమినరీలో ఈ పాఠం చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకొన్నవాడిని నేను. దానిని ఆచరించినవాడు ఆ పెద్దయ్య.

"పనులు మానుకొంటే పిల్లలకు అన్నం ఎవరు పెడతారు ఫాదర్?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పని కూడా మనుషుల కోసమే. పునీత పౌలుగారిని చూడండి. పెంతెకోస్తు నాటికి యెరూషలేము చేరాలన్న తొందరలో ఆయన ఎఫెసు పట్టణంలో ఆగలేదు. కాని మిలేతు రేవు నుండి కబురంపి అక్కడి సంఘపెద్దలను పిలిపించుకొన్నారు. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం ఇంచుమించు ఉట్నూర్ నుండి ఆదిలాబాదుకు ఉన్నంత. అందరూ మోకరించి ప్రార్థించారు, కౌగిలించుకొని ఏడ్చారు, ఓడ దాకా వచ్చి సాగనంపారు. ఆ తరువాత పౌలుగారు ఓడ ఎక్కారు. పని ఆగలేదు. పనికి ముందు మనుషులు నిలిచారు, అంతే.

మన పెద్దలు గడప దాటుతూ "పోతా" అనరు, "పోయొస్త" అంటారు. మళ్లీ కలుద్దామన్న మాట ఇచ్చి వెళతారు. ఆ మాట వినడానికి తల ఎత్తాలి కదా! ఆనాడు రాసిన రిజిస్టరు ఇప్పటికీ నా బీరువాలో భద్రంగా ఉంది. ఆ పెద్దయ్య మాత్రం ఇప్పుడు లేడు. పని లేకుండా నన్ను చూడడానికి నడిచి వచ్చిన మనిషితో ఏం మాట్లాడి ఉండేవాడినో నాకు ఇక తెలియదు.

ఈ వారం మీ ఇంటికి ఎవరైనా వస్తే, ఫోను పక్కన పెట్టండి. "ఏం పని?" అని అడగకముందే కాళ్లకు నీళ్లివ్వండి. వెళ్ళేటప్పుడు వాకిలి దాకానైనా వెంట నడవండి.