జీడిపప్పు పడని పిల్లలు

ఆహారపు అలర్జీ అజీర్తి లాంటిది కాదు. తిన్న పదార్థంలోని ఒక ప్రోటీనును శరీరం హానికరమైనదిగా పొరబడి, దాన్ని తిప్పికొట్టే ప్రయత్నంలో తనకే ప్రమాదం తెచ్చుకోవడం. పాలు, గుడ్డు, వేరుశనగ, గోధుమ, సోయా, చేప, రొయ్య, నువ్వులు, బాదం, అక్రోటు, జీడిపప్పు వంటివి పిల్లల్లో దీనికి ముఖ్య కారణాలు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి విదేశాలకు వెళ్లి స్థిరపడిన ఇళ్లలో జీడిపప్పుతోనే ఎక్కువ చిక్కు. మందస, వజ్రపుకొత్తూరు, కవిటి తోటల్లో రాలిన పిక్కలు పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీల్లో పప్పవుతాయి. ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో ఆ పప్పు పొట్లం లేకుండా ఉండదు. అమ్మానాన్నల బతుకుతెరువైన పంట పిల్లవాడి ప్రాణం మీదికి వస్తుందంటే పెద్దలకు నమ్మకం కుదరకపోవడం సహజమే.

నమ్మకం కుదరకపోవడానికి ఇంకో కారణం ఉంది. జీడి పొక్కడం ఉద్దానంలో అందరికీ తెలుసు. పిక్క పెంకులోని నూనె తగిలి చేతులు కాలడం, చర్మం ఊడడం పిక్కలు కొట్టే ఆడవాళ్లకు రోజూ ఉన్న బాధ. అది తగిలినచోట చర్మానికి జరిగే హాని. పప్పు తింటే వచ్చే అలర్జీ వేరు. అది పప్పులోని ప్రోటీన్ల వల్ల వస్తుంది, నిమిషాల్లో ఒళ్లంతా పాకుతుంది. వేయించినా, ఉడికించినా ఆ ప్రోటీన్లు చాలావరకు చెక్కుచెదరవు. చిన్న ముక్క చాలు. పాలు, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేసరికి అవి పడతాయి. జీడిపప్పు విషయంలో అలా తగ్గిపోయేది తక్కువమందికే.

జీడిపప్పు పడనివారిలో ఎక్కువమందికి పిస్తా కూడా పడదు, రెండింటి ప్రోటీన్లూ దగ్గరి పోలిక గలవి కాబట్టి. మామిడి అదే కుటుంబానికి చెందిన చెట్టయినా, పండు గుజ్జును చాలామంది ఇబ్బంది లేకుండా తింటారు. కొబ్బరి గురించి ఉద్దానం వాళ్లు తప్పక అడుగుతారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025 జనవరిలో అలర్జీ కలిగించే గింజపప్పుల జాబితా నుంచి కొబ్బరిని తీసేసింది. కొబ్బరి అలర్జీ ఉంది గానీ అరుదు. ఏది మానాలో, ఏది తినవచ్చో పరీక్ష చేసి అలర్జీ వైద్యుడే చెప్పాలి. అనుమానంతో అన్నీ మాన్పిస్తే పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది.

తెలుగు వంటలో జీడిపప్పు పైకి కనిపించేది కొంతే. పాయసంలో, పొంగలిలో, ఉప్మాలో కంటికి కనిపిస్తుంది. కుర్మాలో, పనీరు కూరలో ముద్దగా కలిసిపోతుంది. పాయసంలోంచి పప్పులు ఏరేసి పెడితే సరిపోతుందనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. పప్పు వేగిన నెయ్యే పాయసమంతా కలిసి ఉంటుంది. అదే గరిటె, అదే మూకుడు, జీడిపప్పు రుబ్బిన మిక్సీ జారు కూడా అంతే. పిండివంట పెట్టే చేతిని సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజరు క్రిములను చంపుతుంది గానీ ప్రోటీనును తీసేయదు.

అమెరికాలో 2004 చట్టం ప్రకారం ప్యాకెట్ మీద ఏ పప్పు ఉందో పేరుతో రాయాలి. 2023 జనవరి 1 నుంచి నువ్వులూ తప్పక రాయాల్సిన అలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి. బ్రిటన్‌లో 14 పదార్థాలకు ఈ నియమం ఉంది. భారత్‌లోనూ 2020 నిబంధనలు అలర్జీ పదార్థాలను తెలపమంటున్నాయి. కానీ ఊరినుంచి డబ్బాలో వచ్చే సున్నుండలకు, కోవాకు, కజ్జికాయలకు ఏ లేబులూ ఉండదు. వండినవాళ్లను అడగడమొక్కటే దారి.

దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, బొంగురు గొంతు, ఆగని దగ్గు, పిల్లికూతలు, సోలిపోవడం అలర్జీకి గుర్తులు. ఊపిరి ఇబ్బంది గానీ, సోలిపోవడం గానీ, ఒకేసారి రెండు మూడు లక్షణాలు గానీ కనిపిస్తే తొడ వెలుపలి కండకు అడ్రినలిన్ వెంటనే ఇవ్వాలి. సెటిరిజిన్ మాత్ర దురద తగ్గిస్తుంది, ప్రాణం కాపాడదు. పిల్లవాణ్ని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. అంబులెన్సు పిలవాలి. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో మోతాదు అవసరమవుతుంది. అందుకే ఎప్పుడూ రెండు అడ్రినలిన్ పెన్నులు దగ్గరుంచుకోవాలి. తగ్గినట్టే తగ్గి గంటల తర్వాత మళ్లీ రావచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్లక తప్పదు.

మన మర్యాదలో కొసరి వడ్డించడం ఒక భాగం. “ఒక్కటి తింటే ఏటవుద్ది” అనే మాట ప్రేమతో అన్నదే. ఈ పిల్లల విషయంలో మాత్రం ఆ ఒక్కటే కొంప ముంచుతుంది. తెలుగు సంఘం భోజనాల్లో ప్రతి వంటకం ముందు అందులో వేసినవన్నీ రాసిపెట్టడం, దేని గరిటె దానికే ఉంచడం, గిన్నెలు కలగలవక ముందే ఆ పిల్లలకు వడ్డించడం కష్టమైన పనులు కావు. గుడిలో ప్రసాదానికి పిల్లవాడు దణ్ణం పెట్టుకుని, తండ్రి అందుకుంటే భక్తికి లోటేమీ లేదు. పిల్లవాడు ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాతోనే అందరి బంతిలో కూర్చోవాలి. వేరుగా కూర్చోబెట్టినా, పదిమందిలో “పాపం” అన్నా ఆ బాధ మనసులో ఉండిపోతుంది.

సెలవులకు మందస వచ్చేటప్పుడు ముందే ఏర్పాట్లు చేసుకోవాలి. అడ్రినలిన్ ఇంజెక్షను పెన్నులు ఇక్కడి మందుల దుకాణాల్లో మామూలుగా దొరకవు. ఆసుపత్రుల్లో ఆ మందు ఆంపూల్స్‌గా ఉంటుంది. పెన్నులను వైద్యుడి ఉత్తరంతో చేతిసంచిలోనే తెచ్చుకోవాలి, ఎండలో కారులో వదలకూడదు. పెద్ద ఆసుపత్రికి పలాసో టెక్కలో వెళ్లాల్సి వస్తుంది కాబట్టి దారి, 108 అంబులెన్సు సంగతి ఇంట్లో అందరికీ తెలిసుండాలి. పెన్ను వాడడం నాయనమ్మకు, తాతయ్యకు ఉత్తుత్తి పెన్నుతో చేసి చూపించాలి. ఇంట్లో జీడిపప్పు లేకుండా చేయలేకపోయినా, పిల్లవాడున్న రోజుల్లో దాన్ని మూతబెట్టి, ఎత్తుగా, వేరుగా పెట్టవచ్చు.

ఇంట్లో తర్వాత పుట్టే బిడ్డకు పప్పులు ఎప్పుడు పెట్టాలనే ప్రశ్న వస్తుంది. 2015లో వెలువడిన లండన్ అధ్యయనంలో 640 మంది పసివాళ్లను గమనించారు. అలర్జీ ముప్పు ఎక్కువున్న బిడ్డలకు 11 నెలల లోపే వేరుశనగ తినిపించడం మొదలుపెడితే ఆ అలర్జీ బాగా తగ్గింది. అంటే అన్నప్రాశన నాటికి పప్పులను దూరం పెట్టడం కాదు, వైద్యుణ్ని అడిగి మెత్తని ముద్దగా కొద్దికొద్దిగా అలవాటు చేయడమే నేటి సలహా. ఈ పప్పులను గుండుగా, బద్దగా ఐదేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డంపడతాయి.