పొయ్యికి వెనకవైపు

పొయ్యి అనగానే మనకు వంటిల్లు, మసి, ఊదుగొట్టం గుర్తొస్తాయి. 18వ శతాబ్దపు యూరప్ సంపన్నుల ఇళ్ళలో మరో రకం పొయ్యి ఉండేది. అది వంటకు కాదు, చలికాలంలో గదిని వెచ్చగా ఉంచడానికి. మెరుపు పూత పూసి కాల్చిన మట్టి పలకలతో మనిషికన్నా ఎత్తుగా నిలబడేది. ఇంటి హోదాను అతిథులకు చాటే వస్తువుల్లో అదొకటి.

వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో తెలుపు, బంగారు రంగుల్లో అలాంటి పొయ్యిలు ఇప్పటికీ ఉన్నాయి. వాటికి గదివైపు తలుపు లేదు. గోడల వెనక సన్నటి నడవాలుండేవి. పనివాళ్ళు కట్టెలు మోసుకొచ్చి అక్కణ్ణించే మంట వేసేవారు, బూడిద తీసేవారు. గదిలోకి వెచ్చదనం మాత్రమే వచ్చేది.

పొగా బూడిదా గదిలోకి రాకూడదనుకోవడం తప్పా? కాదు. రోజూ ఇల్లు ఊడ్చి తుడిచే ఏ స్త్రీ అయినా ఆ ఏర్పాటును మెచ్చుకుంటుంది. కానీ బూడిదను ఆపిన గోడే మనిషినీ ఆపింది. మురికినీ, మురికి ఎత్తే మనిషినీ ఒకే గాటన కట్టింది. నన్ను బాధించేది అదే.

వేరే దారి లేదా అంటే, ఉంది. స్వీడన్‌లో 1767లో క్రోన్‌స్టెట్, వ్రేడె అనే ఇద్దరు, పొగ లోపలే పైకీ కిందికీ తిరిగి వెళ్ళేలా పొయ్యిని మార్చారు. తక్కువ కట్టెలతో ఎక్కువసేపు వేడి నిలిచేది. దాని తలుపు గదిలోకే ఉండేది. అంటే మనిషిని దాచడం తప్పనిసరి కాదు, కోరి చేసిన పని. అయితే ఆ మార్పు కూడా కట్టెల ఆదా కోసమే వచ్చింది, మోసేవాళ్ళ నడుముల కోసం కాదు.

షోన్‌బ్రున్‌లో నివసించింది మరియా థెరిసా. 1740 నుంచి 1780 దాకా రాజ్యమేలిన స్త్రీ, 16 మంది పిల్లల్ని కన్న తల్లి. సింహాసనం మీద స్త్రీ కూర్చున్నా గోడ వెనక నడవా అలాగే ఉంది. ఒక స్త్రీ అధికారంలోకి రావడాన్ని మన గెలుపుగా లెక్కించేముందు, ఆమె గదికి వెచ్చదనం ఎటునుంచి వస్తోందో చూడాలంటాను.

కనబడితే చాలా? గదిలోకొచ్చి మంట వేసే పనిమనిషిని చూసీ చూడనట్టు అందరూ తమ కబుర్లలో ఉండిపోవచ్చు. కనబడటమే గౌరవం కాదు, గౌరవానికి అది మొదటి షరతు మాత్రమే.

అలాగని ఆ పొయ్యి అందాన్ని నేను కాదనలేను. ఆ పలకలు చేసినవీ శ్రమించే చేతులే. అందాన్ని చూసి ఆనందించడంలో నేరం లేదు. సగమే చూసి మొత్తం చూశామనుకోవడంలో ఉంది. అలాంటి పొయ్యి పక్కన దాని ఎత్తు, తయారైన సంవత్సరం రాసిపెడతారు. రోజుకెన్ని కట్టెల మోపులు తినేదో, వాటిని ఎవరు మోసేవారో కూడా రాయాలి.