తగ్గిన రాబడి – ఎవరి కంచములో?



వానలు తప్పి పంట పోయినను, కూలి పనులు సన్నగిల్లినను ఇంటి ఖర్చు తగ్గింపక తప్పదు. అయితే ఎవరి వంతు తగ్గింపవలెనని మనము అడుగుకొనుచున్నామా? మేము దర్శించు ఇండ్లలో తరచు చూచునది ఇది: యజమాని టీ, చుట్ట మానవు, పిల్లలకు ఎట్లో సర్దుదురు, అందరును తినిన పిమ్మట తల్లి గంజి త్రాగి పండుకొనును. దీనిని ఓర్పు అని పొగడుదుము. ఓర్పే కావచ్చును, కాని దానిని ఆమె యొక్కతెపైననే మోపుట న్యాయమా?

రాజులు రెండవ గ్రంథము 4వ అధ్యాయములోని విధవరాలిని చూడుడి. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా కొనిపోవ వచ్చెను. ఎలీషా ఆమె యింట ఏమున్నదని అడిగెను. నూనె విస్తరించిన తరువాత, దాని నమ్మి ముందు అప్పు తీర్చుమనెను; మిగిలినదానితో కుమారులు మాత్రమే గాక ఆమెయు బ్రదుకవలెననెను. ప్రవక్త లెక్కలో తల్లి కూడ ఉన్నది.

ఆ వరుస మనకును చాలును. భార్యాభర్తలు కలిసి కూర్చుండి ఇంట నున్నది లెక్కింపుడి. అప్పును ఒకరికొకరు దాచకుడి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెచ్చినచో ఏడాదికి వడ్డీయే 3,600 రూపాయలగును. అసలు అట్లే యుండును. పండుగ బట్టలకై అట్టి అప్పు చేయుటకంటె పాతవి ఉతికి కట్టుకొని ఆరాధనకు వచ్చుట మేలు.

పిమ్మట ఒక్క పూటయైనను అందరును కలిసి భుజింపుడి. ఎవరి కంచము వెలితిగా నున్నదో అప్పుడు అందరికిని కనబడును.