పురిటిగది తెలిసిన పరిపాలకుడు

కర్నూలులో 1887లో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి ముదలియార్ పేరు చెప్పగానే 1942 నుంచి 1969 దాకా మద్రాసు విశ్వవిద్యాలయాన్ని నడిపిన వైస్ ఛాన్సలర్‌గానో, 1952-53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్ అధ్యక్షుడిగానో గుర్తొస్తారు. ఆయన ప్రసూతి వైద్యుడని, మద్రాసు మెడికల్ కాలేజీలో ఆ శాస్త్రం బోధించారని, 1938లో వచ్చిన ఆయన పాఠ్యగ్రంథాన్ని తరతరాల వైద్య విద్యార్థులు చదివారని చెప్పుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ముందు చెప్పాల్సింది అదే. ఆయన పదవుల్లో చేసిన పనుల్లో ఈనాటికీ మనకు అక్కరకొచ్చే ఆలోచన ప్రసూతి వైద్యుడి ఆలోచనే.

1959లో కేంద్రం వేసిన ఆరోగ్య సర్వే, ప్రణాళికా కమిటీకి ఆయన అధ్యక్షుడు. ఊరూరా కొత్త ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు తెరవాలన్న ఉత్సాహం నడుస్తున్న రోజుల్లో ఆ కమిటీ ముందు ఉన్నవాటిని బలపరచమంది. ఒక్కో కేంద్రం పరిధి 40,000 మందికి మించకూడదంది. జిల్లా ఆసుపత్రుల్లో స్పెషలిస్టులు ఉండాలంది. ఈ సిఫార్సుల వెనుక పురిటిగది అనుభవం ఉందని నేను నమ్ముతాను. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు మూడు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. ఆ కాస్త వ్యవధిలో డాక్టరు, రక్తం, పెద్దాసుపత్రికి చేర్చే బండి అందకపోతే ఊళ్లో ఆసుపత్రి భవనం ఉన్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి ప్రసూతి వైద్యుడికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఏ కేంద్రమూ లేని మన్యం గూడేనికి 'ముందు ఉన్నవి బాగుచేద్దాం' అని చెప్పడం అన్యాయం కాదా? ఆ అభ్యంతరం బలమైనదే. దూరం కూడా ప్రాణం తీస్తుంది. కానీ మన లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004-06లో లక్ష సజీవ జననాలకు 154 మంది తల్లులు చనిపోయారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి తగ్గింది. దీనికి ఒక్కటే కారణం చెప్పడం సరికాదు గానీ, 108 అంబులెన్సు రావడం, ఆసుపత్రి కాన్పులు పెరగడం ఈ కాలంలోనే జరిగాయి. గూడేన్ని కాన్పు చేయగల ఆసుపత్రితో కలపడమే అసలు పని. ఆసుపత్రికి చేరడంతోనూ అది అయిపోదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ఎప్పుడు కత్తి పట్టాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో తెలియడం ప్రసూతి శాస్త్రానికి ప్రాణం. ఆ విచక్షణ చదువు వల్ల, మంచి గురువుల వల్ల వస్తుంది. అందుకే వైద్యుడు తరగతిలోకి, కమిటీలోకి వెళ్తే రోగులకు నష్టమన్న మాటను నేను ఒప్పుకోలేను. ఒకే మనిషి ఇరవై ఏడేళ్లు ఒకే కుర్చీలో ఉండటం ఏ విశ్వవిద్యాలయానికీ మంచిది కాదన్న విమర్శను మాత్రం ఒప్పుకుంటాను.

మీ ఊళ్లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగితే సంతోషించండి. వచ్చిన నాయకుణ్ణి మాత్రం, ఉన్న ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటున్నాడా, రక్తం దొరుకుతోందా అని తప్పకుండా అడగండి.