చిల్లర ఎవరిది

తెలుగులో డబ్బు అన్న మాట మొదట ఒక రాగి నాణెం పేరు. కాసు కూడా అంతే, సంతలో చిన్నాచితకా సరుకుకు చెల్లించే బిళ్ల. కోట్లకు పడగలెత్తినవాణ్ని ఇవాళ కూడా ‘డబ్బున్నవాడు’ అంటున్నామంటే, సంపద మొత్తానికీ మన భాష చిల్లర పేరే పెట్టుకుందన్నమాట. అదే భాష చిల్లర బుద్ధి, చిల్లర వేషాలు అంటూ చిల్లరను తిట్టుగానూ వాడుతుంది. ఈ గౌరవానికీ ఈ చులకనకూ మధ్య ఇంటింటా అలమరలో ఒక డబ్బా ఉంటుంది. జేబులు ఖాళీ చేసినప్పుడల్లా రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అందులో పడుతుంటాయి. ఏళ్లు గడిచి అది నిండాక బ్యాంకుకు మోసుకెళ్లి నోట్లు తెచ్చుకుంటే, పొదుపు పండిందని సంతోషిస్తాం. నాకు మాత్రం అది తీసుకున్న వస్తువును తిరిగి ఇచ్చెయ్యడంలా కనిపిస్తుంది. ఆ బిళ్లల విలువ మనదే. బిళ్లలు మాత్రం వీధివి.

విలువనూ బిళ్లనూ ఇలా విడదీయడం మాటల గారడీ అనిపించవచ్చు. కానీ చట్టమే వాటిని విడదీసింది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు మించిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకే చెల్లుబాటు. అర్ధరూపాయలైతే పది రూపాయల వరకే. అంతకు మించి ఇస్తే తీసుకోననే హక్కు ఎదుటివారికి ఉంది. నోట్లకు ఈ హద్దు లేదు. నాణేలను కరిగిస్తే జైలుశిక్ష ఏడేళ్ల దాకా పడవచ్చు, అంటే సొమ్ము మనదైనా ఆ లోహం మీద మన పెత్తనం చెల్లదు. రూపాయి బిళ్ల తయారీకి రూపాయి 11 పైసలు ఖర్చవుతోందని 2018లో సమాచార హక్కు దరఖాస్తు ద్వారా బయటికొచ్చింది. విలువ కంటే ఎక్కువ ఖర్చుపెట్టి ప్రభుత్వం దాన్ని తయారుచేస్తోందంటే, ఏళ్ల తరబడి వేల చేతులు మారుతుందన్న లెక్కతోనే. డబ్బాలో పడ్డ బిళ్ల ఆ లెక్కను మన గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. బరువు సంగతీ చూడండి. 2011 నమూనా రూపాయి బిళ్ల 3.79 గ్రాములు. ఐదు వేలు పోగైతే దాదాపు 19 కిలోలు, భుజాన వేసుకుని బ్యాంకు మెట్లెక్కడం కష్టం. అదే మొత్తం పది ఐదొందల నోట్లయితే చొక్కా జేబులో పడుతుంది. కుప్ప పోస్తే ఇంత భారమయ్యే వస్తువు, ఒకటీ రెండుగా చేతులు మారేటప్పుడు బరువే తెలియదు.

అలా మారేటప్పుడు చిల్లర చేసేది ఒక్కటే పని: బేరాన్ని బాకీ లేకుండా ముగించడం. అది లేకపోతే ఏమవుతుందో ఆర్టీసీ బస్సెక్కేవాళ్లకు బాగా తెలుసు. కండక్టరు ఒకామె టికెట్టు వెనక పెన్నుతో 8 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, ‘దిగేటప్పుడు తీసుకోమ్మా’ అంటాడు. ఆ పల్చటి కాగితాన్ని ఆమె దారంతా గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటుంది. చెమటకు అంకె అలుక్కుపోతుంది. ఊరొచ్చేసరికి కండక్టరు ముందు సీట్ల దగ్గర ఇరుక్కుపోయి ఉంటాడు, వెనక డోరు దగ్గర దిగేవాళ్లు తోసుకుంటుంటారు, బస్సు కదులుతుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు, అయినా ఎనిమిది రూపాయలు పోయాయి. కిరాణా కొట్లో రెండు రూపాయలకు బదులు చాక్లెట్ చేతిలో పెడతారు, మనం అదే చాక్లెట్ తిరిగిస్తే పుచ్చుకోరు. 2022లో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు ఛార్జీలను ఐదుల లెక్కకు సర్దింది కూడా చిల్లర ఇబ్బంది వల్లే. రోజుకు రెండు రూపాయలు పోతే ఏడాదికి 730. నెల జీతం వచ్చేవారికి ఇది లెక్కలోకి రాదు. కూలికి వెళ్లేవారికి ఇంచుమించు ఒక రోజు రెక్కల కష్టం.

పిల్లలకు మట్టి పిడత కొనిచ్చి పొదుపు నేర్పడం కూడా తప్పేనా అని అడగవచ్చు. తప్పు కాదు. పిడతను పగలగొట్టే రోజు ఒకటి ముందే ఉంటుంది, జాతరకో, పండగ బట్టలకో. ముడుపు ఇంకా స్పష్టం. పసుపు గుడ్డలో నాణెం కట్టిన క్షణంలోనే అది ఎక్కడికి చేరాలో తేలిపోతుంది. తిరుమల హుండీలో పడ్డాక పరకామణిలో లెక్కకు వస్తుంది, అక్కడి నుంచి బ్యాంకుకు చేరుతుంది. దాచడమే తప్పని నేననడం లేదు. పెద్దల డబ్బాకు ముహూర్తమూ లేదు, చేరే చోటూ లేదు. నా అభ్యంతరం దానితోనే.

2016లో యూపీఐ వచ్చాక చిల్లరతో పనేముందన్నది ఇంకో వాదన. అందులో చాలా నిజం ఉంది. పైసలతో సహా ఖచ్చితంగా చెల్లించే వీలు ఫోను ఇచ్చింది. అందుకే, ఆ ఖచ్చితత్వం నగదు వాడేవాళ్లకూ దక్కాలంటాను. స్మార్ట్‌ఫోను లేని ముసలమ్మ, మనవడి ఖాతాకు డబ్బు పోతుందని స్కానర్ పెట్టుకోని పూలమ్మే ఆమె, వీళ్లకు రెండు రూపాయల బిళ్లే ఆ ఖచ్చితత్వం. వీధిలో నాణేలు తగ్గేకొద్దీ ఇబ్బంది మొత్తం వీళ్ల మీదే పడుతుంది.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరు. బ్యాంకుల్లో, గుళ్లల్లో నాణేల మూటలు ఇప్పటికే పేరుకుపోయాయి, ఇంకో డబ్బా తెచ్చి ఏం లాభం? పేరుకుపోయిన మాట నిజమే. కానీ ఒకచోట కుప్ప, ఇంకోచోట కరువు రెండూ ఒకే జబ్బు లక్షణాలు. రిజర్వు బ్యాంకుకు ఇది తెలుసు. నాణేలను జనంలోకి పంపినందుకు బ్యాంకులకిచ్చే ప్రోత్సాహకాన్ని 2021లో సంచికి 25 రూపాయల నుంచి 65కు పెంచింది. జబ్బులో మన వాటా కూడా ఉంది. పది రూపాయల బిళ్ల చెల్లదన్న పుకారును నమ్మి, 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో చెప్పినా వినక, వాటిని డబ్బాల్లోకి తోసింది మనమే. కాబట్టి మూట మొత్తం బ్యాంకుకే చేరాలని లేదు. రూపాయలు, రెండు రూపాయలు విడదీసి వందేసి పొట్లాలు కట్టి, సందు చివర టిఫిన్ బండికో, పాల కేంద్రానికో ఇస్తే అవి దాదాపు ఆ పూటే నడకలో పడతాయి. మిగిలినవి బ్యాంకుకు. చిన్న నాణేలను తూకం వేసైనా తీసుకోవాలని, కాదంటే వందేసి సంచుల్లో తీసుకోవాలని బ్యాంకులకు ఆదేశాలున్నాయి.

అర్ధరూపాయి దగ్గర మాత్రం నా వాదన తడబడుతుంది. చట్టం దాన్ని ఇంకా చెల్లుబాటులోనే ఉంచింది, వీధి ఏనాడో వదిలేసింది. తిరిగి ఇద్దామన్నా పుచ్చుకునే చెయ్యి లేదు, బ్యాంకు కౌంటరు తప్ప. పావలాకు 2011 జూన్ 30 నుంచి ఆ దారీ మూసుకుపోయింది. అప్పటికి డబ్బాల్లో ఉండిపోయిన పావలాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మీ డబ్బాలో అర్ధరూపాయలుంటే ముందు వాటిని ఏరండి.